కలాథియా కోలుకుంటుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

అందమైన ఆకుల కోసం ఇంట్లో పెంచుకునే కలాథియా మొక్క కొన్నవాళ్లు నెల తిరక్కుండానే ఫొటోలు పంపడం మొదలుపెడతారు. ఫొటోలు వేరైనా ప్రశ్నలు అవే. అంచులు ఎండుతున్నాయి, ఆకులు చుట్టుకుంటున్నాయి, నీళ్లు పోస్తున్నా వాడిపోతోంది. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, జవాబులు ఒకచోట రాశాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికి నేరుగా వెళ్లొచ్చు. ముందొక మాట: మన ఇళ్లలో ఈ మొక్క పోవడానికి అశ్రద్ధ కన్నా అతిశ్రద్ధే ఎక్కువసార్లు కారణం. ఒక ఆకు వాడగానే నీళ్లు, ఎరువు, కొత్త కుండీ, మందు అన్నీ ఒకే వారంలో దాని మీద పడతాయి. ఆ తర్వాత ఏది మేలు చేసిందో, ఏది చంపిందో ఎవరికీ తెలియదు.

## కొనేటప్పుడు, తెచ్చిన కొత్తలో

నర్సరీలో నిగనిగలాడిన మొక్క మా ఇంటికి రాగానే ఎందుకు నీరసించింది?

చోటు మారింది కాబట్టి. మన నర్సరీల్లో దొరికే ఆకుల మొక్కలు చాలావరకు కడియం, కడియపులంక వైపు నుంచి వస్తాయి. అక్కడ గోదావరి పక్కన, షేడ్‌నెట్ నీడలో, చుట్టూ వేల మొక్కల మధ్య, ఎప్పుడూ తడిగా ఉండే గాలిలో పెరుగుతాయి. లారీ దిగి హైదరాబాద్ ఫ్లాట్‌లో ఫ్యాన్ కిందికి వచ్చేసరికి గాలి ఎండు, వెలుతురు తక్కువ, నీళ్లు వేరు. మొదటి రెండు మూడు వారాల్లో ఒకటి రెండు కింది ఆకులు పసుపెక్కి పోవడం మామూలే. వెలుతురు ఉన్న ఒక చోటు చూసి అక్కడే ఉంచండి. రోజుకో గదికి మార్చకండి, ఎరువు వేయకండి.

ఏ రకం కొంటే తలనొప్పి తక్కువ?

మొదటిసారైతే లాన్సిఫోలియా తీసుకోండి. పొడవాటి ఆకు మీద ముదురు మచ్చలుండేది, రాటిల్‌స్నేక్ అని అమ్ముతారు. గళ్ల గళ్ల ఆకు ఉండే మ్యుసైకా కూడా ఓర్పు ఉన్న మొక్కే. ఆర్బిఫోలియా అందంగా ఉంటుంది గానీ ఆకు వెడల్పు కాబట్టి అంచు కాస్త ఎండినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గులాబీ గీతల ఆర్నాటా, తెల్ల మచ్చల వైట్ ఫ్యూజన్ మాత్రం అనుభవం వచ్చాక కొనుక్కోండి. పొడిగాలిలో అవి తొందరగా దెబ్బతింటాయి.

లేబుల్ మీద గోపర్టియా అని ఉంది. వేరే మొక్క అంటగట్టారా?

లేదు. 2012లో వృక్షశాస్త్రజ్ఞులు కలాథియాల్లో చాలా రకాలను గోపర్టియా అనే ప్రజాతిలోకి మార్చారు. అమ్మేవాళ్లు, పెంచేవాళ్లు పాత పేరే వాడుతున్నారు.

ఇంటికి తెచ్చిన రోజే కుండీ మార్చేయాలా?

సాధారణంగా వద్దు. కొత్త ఇంటి గాలికి సర్దుకుంటున్న మొక్కను వేర్లతో సహా కదిలిస్తే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. మూడు నాలుగు వారాలు ఆగి, కొత్త ఆకు మొదలయ్యాక మార్చండి. ఒక్క సందర్భంలో ఆగొద్దు. వేర్ల చుట్టూ జిగట మట్టి గట్టిగా పట్టి ఉండి, పోసిన నీళ్లు పైనే నిలిచిపోతుంటే వెంటనే మార్చాలి. దూరం పంపే మొక్కలకు మట్టి రాలిపోకుండా బంకమట్టి పట్టించడం మామూలే. ప్రయాణానికి అది మంచిదే. కుండీలో మాత్రం వేర్లకు ఊపిరాడనివ్వదు. అప్పుడు కూడా ఆ ముద్దను బలవంతంగా చిదమకండి. బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి, మెత్తబడ్డాక వేళ్లతో మెల్లగా విడదీయండి.

రాత్రి ఆకులన్నీ పైకి లేచి నిలబడుతున్నాయి. జబ్బా?

ఆరోగ్యం. ఆకు, కాడ కలిసేచోట చిన్న కీలులాంటి ఉబ్బు ఉంటుంది. దానిలోని కణాల్లో నీటి ఒత్తిడి మారేకొద్దీ ఆకు పగలు పరుచుకుంటుంది, రాత్రి లేస్తుంది. ఈ కదలిక ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం గమనించాలి. గదిలో అర్ధరాత్రి దాకా లైట్లు వెలగడమో, పగలు వెలుతురు చాలకపోవడమో, వేర్లు దెబ్బతినడమో కారణం కావచ్చు.

ఇంట్లో పాకే పాప, పిల్లి ఉన్నాయి. ఆకు నమిలితే ప్రమాదమా?

కలాథియా విషపు మొక్క కాదు. పిల్లులకూ కుక్కలకూ హాని లేని మొక్కల్లో ఒకటిగా దీనికి పేరుంది. నిజానికి జాగ్రత్త పడాల్సింది మనం నిశ్చింతగా పెంచుకునే మనీప్లాంట్, డైఫెన్‌బేకియా, ఆగ్లోనిమాలతో. వాటిలోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల నోరు మండుతుంది, వాస్తుంది.

## ఆకులు చెడుతున్నప్పుడు

ఆకుల అంచులు గోధుమరంగులో ఎండిపోతున్నాయి. గాలిలో తేమ తక్కువా, నీళ్ల లోపమా?

అందరూ అడిగేది ఇదే, అందరూ తేమ మీదికే నెట్టేసేదీ ఇదే. ఎప్పుడు మొదలైందో చూడండి. మార్చి, ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక మొదలై, ఫ్యాన్ లేదా ఏసీ గాలి తగిలే వైపు ఆకులే ఎక్కువగా ఎండుతుంటే పొడిగాలి అనుకోవచ్చు. వానాకాలంలో కూడా ఆగకుండా, అన్ని వైపులా, ముఖ్యంగా ముదిరిన ఆకుల కొనల నుంచి ఎండుతూ వస్తుంటే నీళ్లలోని ఉప్పులను అనుమానించాలి. మొక్క నీటిని ఆకు దాకా లాగి ఆవిరి చేస్తుంది. ఉప్పులు మాత్రం ఆవిరి కావు, అంచుల్లోనే పేరుకుంటాయి. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొరలాంటిది కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది.

మూడో కారణం, మట్టి పూర్తిగా ఎండాక ఒక్కసారిగా నీళ్లు ముంచెత్తడం. అప్పుడు ఒక విడతలో వచ్చిన ఆకులే చెడి, తర్వాత వచ్చినవి బాగుంటాయి.

తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మిగతావేవీ మార్చకుండా ఒక నెల పాటు వాన నీళ్లో ఆర్వో నీళ్లో పోయండి. పాత అంచులు పచ్చబడవు, వాటిని చూడొద్దు. ఆ నెలలో విచ్చుకున్న ఆకు అంచు శుభ్రంగా ఉంటే లోపం నీళ్లదే.

పగటిపూట కూడా ఆకులు గొట్టంలా చుట్టుకుంటున్నాయి. ఏం చేయాలి?

ముందు మట్టిలోకి వేలు రెండో కణుపు దాకా దించండి. పొడిగా తగిలితే దాహం. కుండీని బకెట్ నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, తీసి, కారనివ్వండి. కొన్ని గంటల్లో ఆకులు తెరుచుకుంటాయి. మట్టి తడిగా ఉండీ చుట్టుకుంటే రెండు దారులు. మధ్యాహ్నం మాత్రమే చుట్టుకుని సాయంత్రానికి తెరుచుకుంటే అది వేడి, పొడిగాలి తంటా. నీడకు జరిపితే చాలు. రోజంతా అలాగే ఉండి కాడలు కూడా వాలిపోతే వేర్లు కుళ్లుతున్నట్టు. అప్పుడు ఇంకా నీళ్లు పోయడం దాన్ని తొందరగా చంపడమే.

కింది ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కుతున్నాయి. టెన్షన్ పడాలా?

నెలకో రెండు నెలలకో ఒకటి, అదీ అన్నిటికన్నా పాతది అయితే అక్కర్లేదు. ఆకు వయసైపోయింది. వారంలో రెండు మూడు ఆకులు, కాడ మొదలు మెత్తబడి పోతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. నీళ్లు ఆపి, మొక్కను కుండీలోంచి తీసి వేర్లు చూడండి.

కొత్త ఆకు చుట్టలాగే ఉండిపోయింది, విప్పుకోవడం లేదు.

గాలి బాగా పొడిగా ఉంటే ఆకు తన పొరకే అతుక్కుపోతుంది. చేత్తో లాగి విప్పకండి, చిరుగుతుంది. రెండు మూడు రోజులు స్నానాల గదిలోనో, పారదర్శకమైన పాలిథిన్ కవరు వదులుగా కప్పో ఉంచండి. ఆ చుట్ట లోపల సన్నటి గడ్డి పరకల్లాంటి పురుగులు, నల్లటి చుక్కలు కనిపిస్తే సంగతి వేరు, అవి తామర పురుగులు. అవి లేత ఆకును విప్పుకోకముందే గీరి రసం పీలుస్తాయి.

రంగులన్నీ వెలిసిపోయి పాలిపోయింది.

నేరుగా ఎండ పడుతోంది. బ్రెజిల్ వైపు అడవుల్లో ఇవి పెద్ద చెట్ల కింద నీడలో పెరిగే మొక్కలు. వెలిసిన ఆకు మళ్లీ రంగు తెచ్చుకోదు, చోటు మారిస్తే కొత్తవి సరిగ్గా వస్తాయి. పాలిపోవడం కాకుండా గీతలు మాయమై అంతా ఒకే పచ్చగా వస్తుంటే అది వెలుతురు చాలకపోవడం.

ఎండిన అంచులు కత్తిరించాలా, మొత్తం ఆకు తీసేయాలా?

ఆకులో సగానికి పైగా పచ్చగా ఉంటే ఉంచండి, మొక్కకు అన్నం వండేది అదే. చూడ్డానికి బాగా లేదనిపిస్తే శుభ్రమైన కత్తెరతో ఆకు ఆకారంలోనే కత్తిరించి, సన్నటి గోధుమ గీత మిగల్చండి. పచ్చ భాగంలోకి కోస్తే అక్కడి నుంచి మళ్లీ ఎండుతుంది.

పొద్దున్నే ఆకు కొనల నుంచి నీటి చుక్కలు కారుతున్నాయి.

రాత్రి వేర్లు లాగిన నీరు ఆవిరి కాక కొనల్లోంచి బయటికొస్తుంది. జబ్బు కాదు. రోజూ వస్తుంటే మాత్రం నీళ్లు కాస్త ఎక్కువ పోస్తున్నారేమో చూడండి.

## నీళ్ల గురించి

వారానికి ఎన్నిసార్లు పోయాలి?

వారం లెక్క మానేయండి. మే నెలలో హైదరాబాద్‌లో రెండు రోజులకే ఆరిపోయే కుండీ ఆగస్టులో వారమైనా ఆరదు. పైన ఒక అంగుళం మట్టి పొడిబడితే పోయండి, కింది రంధ్రంలోంచి కారేదాకా పోయండి, పళ్లెంలో నిలిచింది పారబోయండి. రోజూ అరగ్లాసు చొప్పున పోసే అలవాటుతో పైన బురద, లోపల పొడి మిగులుతాయి. కొన్నాళ్లకు కుండీ బరువు చేతికే తెలిసిపోతుంది. వేలు పెట్టాల్సిన పని కూడా ఉండదు.

మాకు బోరు నీళ్లే. పోయొచ్చా?

మనీప్లాంట్‌కు పోయొచ్చు, కలాథియాకు మాత్రం చివరి దారిగానే. కరిగిన లవణాల లెక్కను టీడీఎస్ అంటారు. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. మనుషులకు సరిపోయే 500 కూడా ఈ మొక్కకు ఎక్కువే. నేనైతే 200 లోపు చూసుకుంటాను. టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది, కాలనీలో ఒకరు కొన్నా అందరికీ పనికొస్తుంది. బోరు తప్ప గతి లేకపోతే ఒక వంతు బోరు నీళ్లకు రెండు వంతులు ఆర్వో నీళ్లు కలపండి. నెలకోసారి మాత్రం ఉత్త ఆర్వో నీళ్లు కుండీ పరిమాణానికి మూడు నాలుగింతలు మెల్లగా పోసి, పేరుకున్న ఉప్పు కిందికి కొట్టుకుపోనివ్వండి.

ఆర్వో మెషీన్ పైపులోంచి బయటికి పోయే నీళ్లు వృథా అవుతున్నాయి. అవి పోయొచ్చా?

వద్దు. తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా చేరేది ఆ పైపులోకే. ఇల్లు కడగడానికి, టాయిలెట్‌లో పోయడానికి వాడుకోండి.

రాత్రంతా బకెట్‌లో పట్టి ఉంచినా, కాచి చల్లార్చినా సరిపోదా?

నిల్వ ఉంచితే పోయేది క్లోరిన్. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో చాలాసార్లు ఆ మాత్రం చాలు. ఉప్పులు, ఫ్లోరైడ్ మాత్రం నిల్వ ఉంచితే పోవు. కాస్తే నీరు తగ్గి అవే ఇంకా చిక్కబడతాయి.

ఫ్లోరైడ్ గురించి నల్గొండ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, తప్పనిసరైతే 1.5. అక్కడి భూగర్భజలాల్లో చాలాచోట్ల అది దాటింది. దాన్ని తొలగించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. కలాథియా కుటుంబానికి ఫ్లోరైడ్ అస్సలు పడదు, కొద్దిపాటిదే ఆకు అంచుల్లో చేరి కాల్చేస్తుంది. అలాంటి ఊళ్లలో వాన నీళ్లో ఆర్వో నీళ్లో తప్ప వేరే దారి లేదు. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, ఈ కుండీలో వేయకండి.

ఏసీ నుంచి కారే నీళ్లు మంచివేనా?

ఉప్పుల్లేని నీళ్లు కాబట్టి మంచివే. పైపులో దుమ్ము, నాచు లేకుండా చూసుకోండి. చల్లగా ఉన్నప్పుడే పోయకుండా గది వేడికి రానివ్వండి. వాటిలో పోషకాలు ఏమీ ఉండవు, మొక్క పెరుగుతున్నప్పుడు ఎరువు విడిగా ఇవ్వాలి. అన్నిటికన్నా మేలు వాన నీళ్లు. డాబా మీద మొదటి వానను వదిలేసి, రెండో వాన నుంచి డ్రమ్ములో పట్టుకోండి. మూత మాత్రం మర్చిపోవద్దు, దోమలు గుడ్లు పెడతాయి.

బియ్యం కడిగిన నీళ్లు, మజ్జిగ, వాడిన టీ పొడి... ఇవన్నీ వేయమంటున్నారు.

పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసుకోండి. ఇంట్లో చిన్న కుండీలో అవి పులిసి వాసన వస్తాయి, బూజు పడుతుంది, చిన్న దోమలు ముసురుతాయి. జబ్బుతో ఉన్న మొక్కకైతే అసలే వద్దు. ఆకులకు పాలు, కొబ్బరినూనె పూసి మెరిపించడం కూడా మానేయండి. ఆకు రంధ్రాలు మూసుకుపోయి దుమ్ము పడుతుంది. తడి గుడ్డతో తుడిస్తే చాలు.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తున్నాం. మొక్క సంగతి?

జనవరిలో వేడి తక్కువ కాబట్టి అంత కష్టం కాదు. బయల్దేరే ముందు నిండా పోసి, కిటికీ నుంచి కాస్త లోపలికి జరపండి. పక్కన కొంచెం ఎత్తులో నీళ్ల సీసా పెట్టి, లావాటి నూలు తాడు ఒక కొస సీసా అడుగుకు, ఇంకో కొస మట్టిలో రెండంగుళాల లోతుకు దించండి. తాడు ముందే తడపాలి. ఒకసారి రెండు రోజులు ఇంట్లో ఉన్నప్పుడే పెట్టి చూసుకోండి. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చేట్టయితే ‘నాలుగు రోజులకోసారి ఒక గ్లాసు’ అని కాగితం రాసి అతికించండి. ప్రేమ కొద్దీ రోజూ పోసేస్తారు.

## గాలి, వెలుతురు

రోజుకు నాలుగుసార్లు స్ప్రే చేస్తున్నాను, అయినా ఎండుతోంది.

స్ప్రేతో పెరిగిన తేమ కొన్ని నిమిషాలే నిలుస్తుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాలు గాలిలో తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. ఈ మొక్కకు 50 శాతానికి పైన ఉంటే హాయి. ఆ తేడాను స్ప్రే బాటిల్ పూడ్చలేదు. పైగా రాత్రిపూట ఆకుల మీద నీళ్లు నిలిస్తే మచ్చ తెగుళ్లు వస్తాయి. మొక్కలన్నీ దగ్గర దగ్గరగా గుంపుగా పెట్టండి, ఫ్యాన్ నేరుగా తగలనివ్వకండి. గదిలో హ్యూమిడిఫయర్ (గాలిలో తేమ పెంచే యంత్రం) ఉంటే మరీ మంచిది. తక్కువ ఖర్చులో కావాలంటే పాత అక్వేరియం తొట్టి గానీ, పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా గానీ తెచ్చి ఎండాకాలమంతా మొక్కను అందులో ఉంచండి.

ఏసీ గదిలో పెట్టాలా, కూలర్ ఉన్న హాల్లోనా?

ఈ ఒక్క విషయంలో కూలరే గెలుస్తుంది. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, కూలర్ తేమను కలుపుతుంది. అయితే కూలర్ గాలి ఎదురుగా కొట్టకూడదు, గదిలో ఓ మూలగా ఉంచండి.

మేం విశాఖలో ఉంటాం, తేమకు కొదవ లేదు. అయినా ఆకులు చెడిపోతున్నాయి.

తీరంలో సమస్య తిరగబడుతుంది. గాలే తడిగా ఉంటే మట్టి ఆరదు. హైదరాబాద్ లెక్కన నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. నీళ్ల మధ్య ఎడం పెంచండి, మట్టిలో పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు) పాలు పెంచండి. ఆకుల మీద పసుపు వలయంతో ముదురు మచ్చలు వస్తే ఆ ఆకులు తీసేసి, గాలి ఆడే చోటికి మార్చండి.

అమెరికాలో ఉంటున్నాం. ఎండాకాలం బాగుంటుంది, నవంబర్ రాగానే పాడవుతుంది.

హీటర్ వేసిన ఇంట్లో గాలి మన మే నెల మధ్యాహ్నమంత పొడిగా మారుతుంది. హీటర్ గాలి వచ్చే జాలీకి దూరంగా, కిటికీ అద్దానికి ఆకు తగలకుండా పెట్టండి. హ్యూమిడిఫయర్ అక్కడ అవసరమే, విలాసం కాదు. ఇంటి నీళ్లకు వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే అందులోని సోడియం మొక్కకు చెరుపు చేస్తుంది. చాలా నగరాల్లో కుళాయి నీళ్లకు ఫ్లోరైడ్ కలుపుతారు కూడా. డిస్టిల్డ్ నీళ్లు కొని పోయడం మేలు.

మాకున్నది పడమటి కిటికీ ఒక్కటే.

కిటికీకి ఐదారు అడుగుల లోపలికి జరిపి, పల్చటి తెల్ల కర్టెన్ వేయండి. వేసవిలో మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎండ ఆకు మీద పడకుండా చూస్తే చాలు. తూర్పు కిటికీ ఉన్నవాళ్లది అదృష్టం.

చలికాలం బాల్కనీలో ఉంచొచ్చా?

రాత్రి 15 డిగ్రీల కన్నా దిగే రోజుల్లో లోపలికి తేవాలి. డిసెంబర్, జనవరిలో హైదరాబాద్ రాత్రులు ఆ గీత దాటతాయి. ఆదిలాబాద్, అరకు వైపు ఉన్నవాళ్లు ఇంకా ముందే సర్దుకోవాలి.

## మట్టి, వేర్లు

మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాలిపోయింది. ఎలా?

వేర్లు కుళ్లాయి కాబట్టి నీళ్ల మధ్యే ఉండి నీళ్లు తాగలేకపోతోంది. ఇవాళే బయటికి తీయండి. గట్టిగా, తెల్లగా లేదా లేత గోధుమరంగులో ఉన్నవి మంచి వేర్లు. నల్లగా, మెత్తగా, లాగితే తొడుగు ఊడి దారం మిగిలేవి కుళ్లినవి. వాటిని సాంతం కత్తిరించండి. మిగిలిన వేర్లకు సరిపోయేంత చిన్న కుండీలో కొత్త మట్టితో నాటండి. పాత కుండీ పెద్దదైతే దాని జోలికి పోవద్దు. వేర్లు తాగలేనంత మట్టిలో తడి నిలిచి మళ్లీ అదే కథ. వేర్లు సగం పోతే ఆకుల్లో కూడా మూడో వంతు తీసేయాలి, అన్నిటికీ నీరందించే శక్తి దానికి లేదు. కొత్త మట్టిలో కాస్త ట్రైకోడెర్మా (తెగుళ్లను అడ్డుకునే మేలైన శిలీంధ్రం పొడి) కలిపితే మంచిదే, కుళ్లిన వేరును మాత్రం అది బతికించదు.

వేర్లకు చిన్న చిన్న గడ్డలున్నాయి. నులిపురుగులా?

చాలా రకాల కలాథియాలకు వేర్ల చివర బంగాళాదుంపల్లాంటి చిన్న దుంపలు ఉంటాయి. నీళ్లు, ఆహారం దాచుకునే సంచులవి. నునుపుగా, గట్టిగా ఉంటే ముట్టుకోకండి. జబ్బుపడ్డ మొక్క మళ్లీ చిగురించడానికి ఆసరా అవే.

ఏ మట్టి వాడాలి?

కడిగిన కోకోపీట్ రెండు పాళ్లు, పెర్లైట్ ఒక పాలు, బాగా మాగిన వర్మీకంపోస్ట్ ఒక పాలు. పెర్లైట్ దొరక్కపోతే ముతక ఇసుక గానీ, కాల్చిన వరి ఊక గానీ వేయండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి రెండు మూడుసార్లు పిండి ఆ నీళ్లు పారబోయడం తప్పనిసరి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది. ‘వాష్డ్’ అని రాసి ఉన్నా నేను ఒకసారి కడుగుతాను. ఎర్రమట్టి ఒక్కటే వాడకండి, నాలుగు తడులకే గట్టిపడుతుంది.

అందమైన సిరామిక్ కుండీ కొన్నాను, అడుగున రంధ్రం లేదు. గులకరాళ్లు వేస్తే సరిపోతుందా?

సరిపోదు. నీళ్లు రాళ్లలోకి దిగకుండా వాటిపై మట్టిలోనే నిలుస్తాయి. ప్లాస్టిక్ కుండీలో నాటి, దాన్ని సిరామిక్ కుండీలో దించండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి, కారాక మళ్లీ పెట్టండి.

## పురుగులు

ఆకు అడుగున సన్నటి బూజులాంటి గూడు, పైన సూదిపొడుపుల్లాంటి తెల్ల చుక్కలు. ఏంటవి?

ఎర్రనల్లి. వేడి, పొడిగాలి దానికి పండగ. వేసవిలో వారం పది రోజులకో తరం పుడుతుంది. అందుకే ఒక్కసారి మందు కొట్టి ఊరుకుంటే పోదు. ముందు మొక్కను స్నానాల గదిలో వంచి పట్టుకుని, ఆకుల అడుగు భాగం షవర్‌తో గట్టిగా కడగండి. సగం నల్లి అక్కడే పోతుంది. తర్వాత లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ బాగా గిలకొట్టి సాయంత్రం పూట కొట్టండి. ముందు ఒక ఆకు మీద చూసి, మర్నాటికి మచ్చ పడకపోతే మొత్తానికి. ఐదారు రోజుల ఎడంతో కనీసం మూడుసార్లు చేయాలి. ఎరువుల దుకాణంలో ఇమిడాక్లోప్రిడ్ అంటగడితే తీసుకోకండి. అది పురుగుల మందు. నల్లి పురుగు కాదు, సాలీడు జాతి. ఆ మందుకు చావదు సరికదా, దాన్ని తినే మంచి పురుగులు పోయి ఇంకా పెరగొచ్చు.

కాడల మొదట్లో తెల్లటి దూదిలా పట్టింది.

పిండినల్లి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడిచేయండి. ఆకుల మీద స్పిరిట్ కారనివ్వకండి.

కుండీ చుట్టూ చిన్న నల్ల దోమలు ఎగురుతున్నాయి.

కుట్టవు, కానీ మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని చెబుతున్నాయి. పై అంగుళం మట్టి ఆరనిచ్చి, పసుపు రంగు జిగురు అట్ట ఒకటి గుచ్చండి. రెండు మూడు వారాలు పడుతుంది.

## కోలుకునేటప్పుడు

ఎంతకాలానికి బాగవుతుంది?

చెడిన ఆకు ఎప్పటికీ బాగవదు. చూడాల్సింది కొత్త ఆకును. వేర్లు బాగుంటే నెలా నెలన్నరలో చుట్ట కనిపిస్తుంది. మొదటిది చిన్నగా, వంకరగా రావచ్చు. రెండోది, మూడోది నిటారుగా, శుభ్రంగా వస్తే మొక్క నిలదొక్కుకున్నట్టే. చలికాలమైతే ఫిబ్రవరి చివరిదాకా ఓపిక పట్టండి.

బలం కోసం ఇప్పుడే ఎరువు వేయనా?

వద్దు. దెబ్బతిన్న వేర్లకు ఎరువు మరో ఉప్పు మోత. రెండు కొత్త ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీళ్లకు అరగ్రాము కలిపి నెలకోసారి, తడిగా ఉన్న మట్టిలో పోయండి. డిసెంబర్, జనవరిల్లో ఆపేయొచ్చు.

వాడిపోయిన మొక్క ఇంట్లో ఉండకూడదని మా అత్తగారు పారేయమంటున్నారు.

గొడవెందుకు, వాష్ ఏరియాలో పెట్టండి. నీడ, తడి రెండూ ఉంటాయి. మొక్కకూ హాలు కన్నా అక్కడే సుఖం.

ఆకు తుంచి నీళ్లలో పెట్టి, ఇంకో మొక్క చేసుకుని ఉంచుకోవచ్చా?

ఆకుకు, కాడకు వేర్లు రావు. పిలకలు విడదీయడమొక్కటే మార్గం. అదీ జబ్బుతో ఉన్నప్పుడు కాదు, మొక్క నిండుగా ఉన్నప్పుడు, తొలకరి తర్వాత. ఒక్కో పిలకకు సొంత వేర్లు, రెండు మూడు ఆకులైనా ఉండాలి.

ఒక్క ఆకూ మిగల్లేదు. ఇక పారేయాలా?

ముందు మట్టి తవ్వి చూడండి. మట్టిలో ఉండే కాండం, దుంపలు నొక్కితే గట్టిగా ఉంటే ఇంకా ప్రాణం ఉంది. ఎండిన కాడలన్నీ మొదలుకంటా కోసి, చిన్న కుండీలో తేలికపాటి మట్టిలో నాటి, కవరు కప్పి, వెలుతురు ఉన్న నీడలో ఉంచండి. ఆకులు లేవు కాబట్టి నీళ్లు చాలా తక్కువ కావాలి. మట్టి కొద్దిగా చెమ్మగా ఉంటే చాలు. రెండు మూడు రోజులకోసారి కవరు తీసి గాలి ఆడనివ్వండి. నెల నుంచి రెండు నెలల్లో మొలక రావాలి. ఈలోగా నొక్కినప్పుడు మెత్తగా దిగి, కుళ్లు వాసన వస్తే పారేయండి, ఆ మట్టిని వేరే కుండీల్లో కలపకండి.